లెస్టర్ వీధుల్లో నా ఆదివారాలు

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లాండులో నేను తీసిన ఫోటోల గురించి మాట్లాడమన్నారు. టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ చూపిస్తానని మీరు అనుకుంటూ ఉంటే ముందే క్షమించమని అడుగుతున్నాను. మూడేళ్లు అక్కడ పనిచేసి నేను వెంట తెచ్చుకున్న వాటిలో అలాంటివి పదో పన్నెండో ఉంటాయి. మిగతావన్నీ మంగలి షాపులు, కూరగాయల కొట్లు, బస్టాపులు, పోస్టు డబ్బాలు, వాన వెలిసిన తరువాత ఖాళీగా ఉన్న రోడ్లు. మా ఆవిడ మొదటిసారి వాటిని చూసి, "ఇంత దూరం వెళ్లి మీరు తీసింది ఇవా?" అంది. అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

2016లో నన్ను లెస్టర్‌కు వేశారు. లండన్ నుంచి ఉత్తరంగా రైల్లో గంటా పావు ప్రయాణం. ఒకప్పుడు మేజోళ్లకు, బూట్లకు పేరుమోసిన ఊరు. ఆ ఏడాది మా పెద్దమ్మాయి పదో తరగతి. అందుకని వాళ్లు ఇక్కడ, నేను అక్కడ. బదిలీల మీద బతికే మనకు ఈ లెక్క కొత్తేమీ కాదు. వారమంతా పనిలో గడిచిపోయేది. ఆదివారమే గడిచేది కాదు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూట్లో పడుతుంది. వంట, బట్టలు, ఇంటికి ఫోను అయ్యేసరికి బయట చీకటి. ఒక ఆదివారం ఇంట్లో కూర్చోలేక, పొద్దున్నే కోటు వేసుకుని బయటికి నడిచాను. చేతిలో ఫోను ఉంది. ఎదురుగా వీధి ఉంది. అలా మొదలైంది.

మొదట్లో నాకు అన్ని వీధులూ ఒకేలా కనిపించేవి. పక్క ఇంటితో గోడ పంచుకుంటూ బారుగా నిలబడ్డ ఎర్ర ఇటుక ఇళ్లు. వాటిని అక్కడ టెర్రస్ ఇళ్లంటారు. మన డాబాకూ వాటికీ సంబంధం లేదు. నాలుగు వారాలు ఫోటోలు తీశాక తేడాలు తెలియడం మొదలైంది. కొన్ని పాత ఇళ్లకు కిటికీ ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి మూసేసి ఉంటుంది. కారణం పన్ను. 1696 నుంచి 1851 వరకు ఇంగ్లాండులో ఇంటికి ఎన్ని కిటికీలుంటే దాన్ని బట్టి పన్ను వేసేవారు. పన్ను తప్పించుకోవడానికి జనం కిటికీలే మూసేశారు. మూసిన ప్రతి కిటికీ పన్ను వల్లే అనుకోవడానికి లేదు. అందం కోసం, వరుస కుదరడం కోసం కట్టేటప్పుడే గుడ్డి కిటికీలు పెట్టినవీ ఉన్నాయి. కానీ ట్యాక్స్ ప్లానింగ్ గోడ మీద కనిపించడం నేను అక్కడే చూశాను.

పోస్టు డబ్బాలూ అంతే. అన్నీ ఎర్రగానే ఉంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కోదాని మీద ఒక్కో రాజు గారి పేరు పొడి అక్షరాలు పోతపోసి ఉంటాయి. విక్టోరియా రాణి కాలపు డబ్బాలో ఈనాటికీ ఉత్తరాలు వేస్తున్నారు. 1936లో ఏడాది కూడా నిండకుండా గద్దె దిగిన ఎనిమిదో ఎడ్వర్డు పేరుతో చాలా తక్కువ డబ్బాలు వచ్చాయి. దానికోసం మూడేళ్లు వెతికాను. నాకు దొరకలేదు. ఉన్నది చూడటానికే కాదు, లేనిదాన్ని వెతకడానికి కూడా వీధిలో నడవవచ్చని అప్పుడు తెలిసింది.

ఎం.బి.ఎ.లో మాకు కంపెనీ బ్యాలెన్స్ షీటు చదవడం నేర్పారు. బజారు వీధి కూడా ఒక బ్యాలెన్స్ షీటే. దుకాణం పైన బోర్డు చూడండి. కొత్త బోర్డు ఊడిన చోట కింద పాత బోర్డు, దాని కింద ఇంకా పాతది కనిపిస్తాయి. పక్క గోడ మీద నూరేళ్ల కిందటి సబ్బు ప్రకటనో, బ్రెడ్డు ప్రకటనో రంగు వెలిసిపోయి లీలగా ఉంటుంది. వాటిని అక్కడ దెయ్యపు బోర్డులంటారు. మొన్నటి బూట్ల కొట్టు నిన్న సెల్‌ఫోన్ల షాపు, ఇవాళ ధర్మార్థ సంస్థవాళ్లు పాత బట్టలు అమ్మే దుకాణం. ఏ వ్యాపారం నిలిచింది, ఏది పోయింది, ఊరికి ఎవరు కొత్తగా వచ్చారు అన్నది అంతా పైనే రాసి ఉంటుంది.

బ్యాంకు వాణ్ణి కదా, నా కన్ను బ్యాంకు భవనాల మీద పడింది. రాతి స్తంభాలు, ఎత్తైన తలుపులు, పైన చెక్కిన బ్యాంకు పేరు. లోపలికి వెళ్తే కాఫీ షాపు! లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు వారి శాఖగా 1888లో తెరిచిన భవనం ఇప్పుడు పబ్బు. దాని పేరు కూడా ఓల్డ్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండే. 2015 నుంచి ఆ దేశంలో ఆరు వేలకు పైగా బ్యాంకు శాఖలు మూతపడ్డాయని విచ్ అనే వినియోగదారుల సంస్థ లెక్కగట్టింది. నేను ఉన్నప్పుడే ఒక చిన్న ఊళ్లో చివరి శాఖ తలుపు మీద నోటీసు చూశాను. ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఆ నోటీసు రెండుసార్లు చదివాడు. ఆయన ముఖం తీయలేదు. నోటీసు మాత్రం తీశాను.

మన వృత్తి కూడా వీధి బోర్డుల మీదనే పుట్టిందని పిల్లలకు ఒక మాట చెప్పాలి. లండన్‌లో లాంబార్డ్ స్ట్రీట్ పాత బ్యాంకర్ల వీధి. ఇళ్లకు నంబర్లు లేని రోజుల్లో, చదువు వచ్చినవాళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో, ఒక్కో కంసాలి-వడ్డీ వ్యాపారి తన దుకాణం ముందు ఒక బొమ్మ వేలాడదీసేవాడు. ఒకరిది నల్ల గుర్రం, ఒకరిది రెక్కలు చాచిన గద్ద, ఒకరిది మిడత. ఆ నల్ల గుర్రమే ఇవాళ లాయిడ్స్ బ్యాంకు గుర్తు. ఆ గద్దే బార్‌క్లేస్ గుర్తు. మనం ఇవాళ లోగో అని గొప్పగా చెప్పుకునేది ఒకప్పుడు దుకాణం ముందు గాలికి ఊగిన చెక్క పలకే.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. దాచుకోవడానికి లేదు, ఎందుకంటే నాకు ఎక్కువ నేర్పింది అదే.

ఒక ఫిబ్రవరి ఉదయం, సన్నగా వాన. బస్టాపులో ఒక ముసలావిడ చక్రాల సంచి పట్టుకుని ఒంటరిగా నిలబడింది. అద్దం మీద చినుకులు, వెనక ఆవిడ ముఖం. చాలా బాగుంది అనిపించి అడక్కుండానే తీసేశాను. ఆవిడ చూసింది. మెల్లగా నా దగ్గరికి వచ్చి, "ఎందుకు తీశావు?" అని అడిగింది. ఆ దేశంలో బహిరంగ స్థలంలో ఫోటో తీయడానికి సాధారణంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది నాకు తెలుసు. ఆ మాటే చెప్పాను కూడా. ఆవిడ, "చట్టం సంగతి నేను అడగలేదు. నేను ఆసుపత్రి నుంచి వస్తున్నాను" అంది. అంతే. ఆవిడ ఎదురుగానే ఫోటో చెరిపేశాను. తరువాత బస్సు రావడానికి పది నిమిషాలు పట్టింది. ఇద్దరం ఒకే కప్పు కింద, మాట్లాడకుండా నిలబడ్డాం. అంత పొడవైన పది నిమిషాలు నేను ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ చూడలేదు.

చట్టం ఒప్పుకున్నదంతా మర్యాద కాదు. కౌంటర్ దగ్గర కూర్చునే మనకు ఇది తెలియాల్సిన విషయమే. ఖాతాదారుడి వివరాలు చూసే అధికారం మనకు ఉంటుంది, అయినా అవసరం లేకుండా చూడం. ఆ రోజు నుంచి మనుషులు దగ్గరగా కనిపించే ఫోటో ఏదైనా ముందు అడిగి తీశాను. పిల్లలవైతే పక్కన తల్లిదండ్రులు ఉండి సరే అంటేనే. అడిగితే సహజత్వం పోతుంది అంటారు కొందరు. కొంత పోతుంది, నిజమే. కానీ అడిగాక ఐదు నిమిషాలు మాట్లాడితే, ఎదుటివాళ్లు మళ్లీ తమ పనిలో పడతారు. అప్పుడు తీసిన ఫోటో దొంగచాటుగా తీసినదానికంటే బాగుంటుంది.

ఆ తరువాత లైబ్రరీలో పాత ఫోటోల పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. జాన్ థామ్సన్ అనే ఆయన 1876, 1877 సంవత్సరాల్లో లండన్ వీధి మనుషుల్ని ఫోటోలు తీశాడు. పూలమ్మే ఆడవాళ్లు, బండి తోలేవాళ్లు, తాళాలు బాగుచేసేవాళ్లు. ఎన్నో కిలోల కెమెరాను మోసుకెళ్లి, వాళ్లను కదలకుండా నిలబెట్టి తీసిన ఫోటోలవి. రాజుల చిత్రాలకు కొదవ లేదు. ఆ పూలమ్మి ఎలా ఉండేదో తెలిసింది మాత్రం ఇలాంటి వాళ్ల వల్లే. షిర్లీ బేకర్ అనే ఆవిడ 1960లలో మాంచెస్టర్, సాల్ఫర్డ్‌లలో పాత పేటలు కూల్చేస్తున్న సమయంలో ఆ వీధుల వెంట తిరిగింది. సగం కూలిన ఇళ్ల మధ్య ఆడుకుంటున్న పిల్లలు, గుమ్మంలో కూర్చున్న అమ్మమ్మలు, వీధికి అడ్డంగా ఆరేసిన బట్టలు. అప్పట్లో ఆ పేటల్లో చూడదగ్గది ఏముందని అనుకున్నవాళ్లే ఎక్కువ. ఇప్పుడా వీధులు లేవు. అక్కడ పెరిగిన వాళ్లకు తమ బాల్యం కనిపించేది ఆ ఫోటోల్లోనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు ఉంది. గోల్డెన్ మైల్ అంటారు. చీరల షాపులు, నగల షాపులు, మిఠాయి కొట్లు, గుజరాతీ బోర్డులు. దీపావళికి ఆ రోడ్డు దీపాలు చూడటానికి దూరాల నుంచి వస్తారు. అక్కడ చదువుకునే మన తెలుగు పిల్లలు కూడా ఆ రాత్రి అక్కడే కనిపిస్తారు. ఆ రోడ్డులో స్టీలు గిన్నెలు, కుక్కర్లు అమ్మే ఒక పెద్దాయన మా ఖాతాదారు. ఆయన్ని అందరూ కాకా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నా మెడలో కెమెరా చూసి ఒకరోజు ఆయనే అడిగాడు, "మేనేజర్ సాబ్, నా దుకాణం ఒక ఫోటో తీసి పెడతారా?" అని.

ఎందుకు కాకా అంటే చెప్పాడు. ఆయన పుట్టింది ఉగాండాలో, కంపాలాలో. 1972లో ఇదీ అమీన్ అక్కడి ఆసియా వాళ్లందరినీ 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. ఆయనకు అప్పుడు పన్నెండేళ్లు. లెస్టర్ నగర పాలక సంస్థ అప్పట్లో ఉగాండా పత్రికలో ప్రకటన కూడా ఇచ్చింది, మా ఊళ్లో చోటు లేదు, రావద్దని. అయినా వేలమంది వచ్చారు. ఇవాళ అదే ఊరు ఆ వీధిని చూసి గర్వపడుతోంది. కంపాలాలో వాళ్ల నాన్నకు బట్టల కొట్టు ఉండేదట. వస్తూ వస్తూ ఆయన పెట్టెలో పెట్టుకొచ్చింది ఏమిటో తెలుసా? ఊళ్లోవాళ్లు తనకు బాకీ ఉన్న పద్దుల పుస్తకం. ఎప్పటికైనా వెళ్లి వసూలు చేసుకుంటానని. కాకా కౌంటరు కింద సొరుగు లాగి ఆ పుస్తకం నాకు చూపించాడు. పేర్లు, అంకెలు, అన్నీ ఉన్నాయి. "బాకీలు మొత్తం ఎంతో చెప్పగలను. కొట్టు ఎలా ఉండేదో మా పిల్లలకు చూపించలేను. ఒక్క ఫోటో లేదు" అన్నాడు. తన పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు, ఏడాదిలో ఈ దుకాణం కూడా అమ్మేస్తున్నాడు. "ఈసారి అలా కాకూడదు" అన్నాడు.

వరుసగా రెండు ఆదివారాలు వెళ్లాను. రోడ్డుకు అవతలి పక్క నిలబడి దుకాణం మొత్తం, బోర్డుతో సహా. లోపల అరలు, తూకం, బిల్లు పుస్తకం, ఆయన కుర్చీ మీద అరిగిన దిండు. ఫోటో అనగానే ఆయన కోటు, టై వేసుకుని నిలబడ్డాడు. నేను రోజూ వేసుకునే స్వెటర్‌లో కూడా ఒకటి తీశాను. వాళ్ల ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టింది కోటు ఫోటోనే. నాకు ఇష్టమైంది స్వెటర్ ఫోటో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా నాన్నగారి దుకాణం ఫోటో కూడా నా దగ్గర లేదు.

గుంటూరు జిల్లాలో మా ఊళ్లో నాన్నగారికి అద్దె సైకిళ్ల షాపు ఉండేది. నా వయసువాళ్లకు గుర్తుంటుంది, పుస్తకంలో పేరు, టైము రాసి, గంటకింత అని సైకిలిచ్చేవారు. ఆ షాపు మీదనే మేం ముగ్గురం చదువుకున్నాం. మా పెళ్లిళ్ల ఆల్బములు ఉన్నాయి. తిరుపతిలో గుండ్లతో తీయించుకున్న ఫోటో ఉంది. స్టూడియోలో తెర ముందు ప్లాస్టిక్ పూలతో ఫోటో ఉంది. ఇరవై ఏళ్లు మమ్మల్ని పోషించిన షాపుది ఒక్కటీ లేదు. రోడ్డు వెడల్పులో అది పోయింది. కొన్నేళ్లకు నాన్నగారూ పోయారు. బోర్డు నీలం రంగని నేనంటాను. కాదు, ఆకుపచ్చ అని మా అక్క అంటుంది. ఎవరిది నిజమో తేల్చడానికి ఆధారం లేదు.

మరుసటి వేసవిలో అమ్మ మూడు నెలలు నా దగ్గరికి వచ్చింది. సాయంత్రం తొమ్మిదిన్నరకు కూడా వెలుతురే. నా ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లో వేసి చూపిస్తున్నాను. కోటలు, చర్చిలు వచ్చినప్పుడు "బాగుందిరా, బాగుంది" అంటూ ఆవలిస్తోంది. ఒక సందులో సైకిళ్లు బాగుచేసే చిన్న షాపు ఫోటో వచ్చింది. తలుపు దగ్గర ట్యూబులు వేలాడుతున్నాయి, కింద నీళ్ల తొట్టి. అమ్మ చెయ్యెత్తి ఆపమంది. చాలాసేపు చూసింది. "తొట్టి ఇటు పెట్టాడేంట్రా? మీ నాన్న ఎడమ పక్క పెట్టుకునేవారు. పంక్చరు పని ఎడం చేత్తోనే కదా చేసేది" అంది.

నాన్నగారు అన్నం కుడి చేత్తో తినేవారు, కుడి చేత్తో రాసేవారు. పనిముట్టు మాత్రం ఎడం చేత్తో పట్టేవారు. పదేళ్లపాటు ఆయన పక్కన కూర్చుని గాలి కొట్టిన నేను ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. ఆ రాత్రి అమ్మ చెబుతూ ఉంటే ఒక కాగితం మీద షాపు గీశాను. పంపు ఎక్కడ, అద్దె పుస్తకం ఎక్కడ, లక్ష్మీదేవి పటం ఎక్కడ, నేను హోంవర్కు చేసుకున్న చెక్క పెట్టె ఎక్కడ. ముక్కూ మొహం తెలియని ఎవరిదో షాపు ఫోటో, అదీ లెస్టర్‌లో ఒక సందులోది, మా షాపును మాకు కొంత తిరిగి ఇచ్చింది. బోర్డు రంగు అడిగితే అమ్మ, "రంగు ఎవరు చూశారురా, అప్పు ఇచ్చినవాడు వస్తున్నాడా లేదా అని చూసేదాన్ని గానీ" అంది. ఆ కేసు ఇంకా పెండింగులోనే ఉంది.

మా ఆవిడ ప్రశ్నకు ఇదే నా జవాబు. తాజ్‌మహల్ ఫోటో మనం తీయకపోయినా ఉంటుంది. మన వీధి చివర ఇస్త్రీ బండి ఫోటో మనం తీయకపోతే ఇంకెవరూ తీయరు. రోజూ కనిపించేది రేపూ ఉంటుందని అనుకుంటాం. ముందుగా పోయేది అదే.

అందుకని ఇక్కడున్న పిల్లలకు ఈ సెలవుల్లో ఒక పని చెబుతున్నాను. మీ వీధిలో పది ఫోటోలు తీయండి. పాలు పోసే ఆయన, కూరగాయల బండి, టైలరు షాపు, టిఫిన్ సెంటరు. మనుషుల్ని ముందు అడగండి, వద్దంటే నవ్వి ఊరుకోండి. దుకాణం తీసేటప్పుడు రోడ్డు అవతల నిలబడి, ఫోను వంచకుండా నిటారుగా పట్టుకోండి. లేకపోతే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. మబ్బు పట్టిన రోజు మంచిది, అద్దాల మీద ఎండ మెరుపు తక్కువగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏ ఊరు, ఏ వీధి, ఎవరు, ఏ తేదీ అన్నది రాసి పెట్టండి. నేరేషన్ లేని వోచరు ఆడిట్‌కు ఎంత పనికొస్తుందో, వివరం లేని ఫోటో యాభై ఏళ్ల తరువాత అంతే పనికొస్తుంది. వీలైతే ఒక ప్రింటు తీయించి ఆ దుకాణం వాళ్లకే ఇవ్వండి.

పెద్దలకు ఒక హెచ్చరిక కూడా. ఈ ఉత్సాహంలో బ్రాంచి లోపల ఫోటోలు మొదలుపెట్టకండి. స్ట్రాంగ్ రూము, కంప్యూటరు తెరలు, ఖాతాదారులు మన ఆల్బములోకి రాకూడదు. బయట నిలబడి, అనుమతి తీసుకుని, మన బోర్డు కింద మన వాళ్లందరినీ ఒకసారి నిలబెట్టండి. స్వీపరు నుంచి మేనేజరు దాకా. రేపు శాఖలు మారవచ్చు, బోర్డులు మారవచ్చు, మనమే వేరే ఊళ్లకు మారిపోవచ్చు.

పోయిన నెల మా ఊరు వెళ్లాను. నాన్నగారి షాపు ఉన్న చోట ఇప్పుడు రోడ్డు, దాని పక్కన పంచర్లు వేసే ఒక కుర్రాడి బండి. అడిగి ఫోటో తీశాను. "ఇందులో ఏముంది సార్?" అన్నాడు. ప్రింటు తీసుకుని వచ్చే వారం వస్తానని చెప్పాను. నా ఈ ఆదివారం పని అదే.